అఫ్లాటాక్సిన్ పరిశోధన: విద్యార్థి ప్రయోగశాలలో భద్రత

కాయ ఊరే దశలో బెట్టకు గురయ్యే వేరుశనగలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ సోకడం అనంతపురం వంటి వర్షాధార ప్రాంతాలలో పాత సమస్యే. అందువల్ల అఫ్లాటాక్సిన్‌పై సిద్ధాంత గ్రంథాలు వ్యవసాయ విద్యార్థులకు కొత్త కావు. శిలీంధ్ర వర్ధనం కలుషితం కాకుండా కాపాడడం వారికి తొలిరోజే నేర్పుతారు. ఆ వర్ధనం నుంచి తమను తాము కాపాడుకోవడం అంత శ్రద్ధగా నేర్పరు.

ఈ రెండూ ఒకటి కావన్నది లామినార్ ఎయిర్ ఫ్లో వద్ద తేటతెల్లమవుతుంది. అడ్డంగా గాలి వీచే పరికరంలో వడపోసిన గాలి వెనుక నుంచి పెట్రి పళ్ళేల మీదుగా సాగి, ఎదుట కూర్చున్నవారి ముఖానికి తగులుతుంది. కణజాల వర్ధనానికి ఇది ఎంతో అనువైనది. కానీ సిద్ధబీజాలు దట్టంగా కట్టిన పళ్ళెం మూతను అక్కడ తీస్తే, 3-6 మైక్రాన్ల ఆ సిద్ధబీజాలను పరికరమే విద్యార్థి ముక్కుకు చేరవేస్తుంది. ఈ పనికి తగినది రెండవ తరగతి బయోసేఫ్టీ క్యాబినెట్. అది ముందువైపు నుంచి గాలిని లోనికి లాగి, బయటికి పోయే గాలిని కూడా హెపా ఫిల్టర్ గుండా పంపుతుంది. పాత అలవాటుతో దానిలోనూ స్పిరిట్ దీపం వెలిగించేవారున్నారు. వేడికి గాలి ప్రవాహం చెదిరి రక్షణ తగ్గుతుంది.

సిద్ధబీజాలు నీటికి తడవవు, పొడిగా ఎగురుతాయి. ట్వీన్-20 కొద్దిగా కలిపిన నీటితో తడిపి, ద్రావణ రూపంలో వాడితే ఎగిరే అవకాశం బాగా తగ్గుతుంది. క్యాబినెట్ లోపలైనా ఈ పద్ధతినే పాటించాలి.

ఆటోక్లేవ్‌పై ఉన్న నమ్మకం ఇంకా ప్రమాదకరం. 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల పీడనంలో శిలీంధ్రం చనిపోతుంది, అఫ్లాటాక్సిన్ నశించదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులలో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చిన విషం అది. “ఆటోక్లేవ్ అయింది” అన్న మాట నమ్మి ఆ గాజు సామాగ్రిని ఉత్త చేతులతో కడిగేది సాధారణంగా విద్యార్థి కాదు, ప్రయోగశాల సహాయకుడు. చల్లారిన సామాగ్రిని 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 2 గంటలు నానబెట్టి, ఆపై మొత్తం ద్రావణంలో 5 శాతం మేర అసిటోన్ చేర్చి మరో 30 నిమిషాలు ఉంచిన తరువాతే కడగడానికి ఇవ్వాలి. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లో, తొడుగులు ధరించి చేయాలి. హైపోక్లోరైట్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టరాదు.

గింజల నమూనాలను మిక్సీలో పొడి చేసే చోటును ఎవరూ ప్రయోగశాలగా లెక్కించరు. తరచుగా అది వరండాలోని బల్ల. విషం దుమ్ముగా లేచేది అక్కడే కనుక, ఎన్-95 మాస్కు అవసరం మొదట అక్కడే ఉంది. పని ముగిశాక గది చీకటి చేసి, 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపంతో బల్లను, తొడుగులను పరీక్షించాలి. బి రకం అఫ్లాటాక్సిన్లు నీలంగా, జి రకం ఆకుపచ్చగా మెరుస్తాయి. అయితే మెరిసే ప్రతి మరకా విషం కాదు, అతి స్వల్ప పరిమాణం కంటికి కనిపించకపోవచ్చు కూడా. అందుచేత మెరుపు లేకున్నా బల్లను హైపోక్లోరైట్‌తో తుడవవలసిందే.