ఉమ్మడి ఉత్తరాల భోషాణం

కంప్యూటరు ప్రపంచంలో ఎన్నో పనులు ముఖాముఖాలు చూసుకోని మనుషులు ఉత్తరాలు రాసుకుంటూ చేసినవే. ఆ ఉత్తరాలు ఏమైపోతున్నాయి? వాటిని దాచడం అంటే ఏం చేయాలి? అన్నీ దాచాలా, కొన్ని దాచాలా?

పాతకాలం ఇళ్లలో గుమ్మం పక్కన ఓ ఇనప తీగ వేలాడుతుండేది. పైన కొక్కెం, కింద చిన్న చెక్కబిళ్ల. వచ్చిన కార్డును వచ్చినట్టే దానికి గుచ్చేసేవారు. ఏ పెళ్లి మాటల దగ్గరో, పొలం గట్టు దగ్గరో తేడా వస్తే తీగ దించి వెతికేవారు. ‘‘ఇదిగో, సంక్రాంతి ముందు నువ్వే రాశావు కదా!’’ అని చూపిస్తే ఎదుటివాళ్లు కిక్కురుమనేవారు కాదు. ఉత్తరం అంటే కబురు మాత్రమే కాదు, సాక్ష్యం కూడా.

అలాంటి తీగ ఒకటి వేలమందికి ఉమ్మడిగా ఉంటే? ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లకు అచ్చంగా అలాంటిదే ఉంది.

ఓపెన్ సోర్స్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. వండి వడ్డించడంతో సరిపెట్టకుండా ఎలా వండామో కూడా అందరికీ చెప్పేయడం. ఇష్టమైనవాళ్లు నేర్చుకోవచ్చు, ఉప్పూ కారం మార్చుకోవచ్చు, మార్చినదాన్ని మళ్లీ నలుగురికీ పంచవచ్చు. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల నడిచే లైనక్స్ కెర్నెల్ ఇలా తయారైనదే. దాన్ని చేసినవాళ్లు ఒక ఆఫీసులో కూర్చున్నవాళ్లు కారు. తలో దేశంలో ఉంటారు. మరి మాట్లాడుకునేదెలా? అందుకే ఒక ఉమ్మడి ఈ-మెయిల్ చిరునామా పెట్టుకున్నారు. దానికి ఒక్క ఉత్తరం రాస్తే చాలు, సభ్యులందరికీ చేరిపోతుంది. దీన్నే మెయిలింగ్ లిస్టు అంటారు.

ఆవకాయ కొలతలు కాగితం మీద రాసిపెట్టుకుంటాం. కానీ ‘ఆ ఏడు ఉప్పు తగ్గించాం, జాడీ అంతా బూజు పట్టింది’ అన్న సంగతి కాగితం మీద ఉండదు, మాటల్లోనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ఏం చేశారన్నది ప్రోగ్రాములో కనిపిస్తుంది. ఎందుకు చేశారు, ఎవరు వద్దన్నారు, తప్పు మొదట ఎవరికి దొరికింది... ఇవన్నీ ఉత్తరాల్లోనే ఉంటాయి. అవి పోతే కొత్తగా వచ్చినవాళ్లు పాత తప్పే మళ్లీ చేస్తారు.

141 టేపుల కథ

ఈ దాచే పని విలువ ముందే పసిగట్టినవాడు కెనడాలో ఒకాయన ఉన్నాడు. పేరు హెన్రీ స్పెన్సర్. టొరంటో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర విభాగం కంప్యూటర్లు చూసుకునేవాడు. ఆ రోజుల్లో యూజ్‌నెట్ అని ఒకటి ఉండేది. ఊళ్లో పంచాయతీ నోటీసు బోర్డు లాంటిదనుకోండి, కాకపోతే ప్రపంచమంతటికీ కలిపి. అప్పట్లో కంప్యూటరులో చోటు మహా ఖరీదు. అందుకని పాత ఉత్తరాలు కొద్దివారాలకే చెరిపేసేవారు. స్పెన్సర్ మాత్రం చెరిపేముందు వాటిని అయస్కాంత టేపుల మీదకు ఎక్కించి పెట్టాడు. 1981 నుంచి 1991 దాకా అలా పోగైనవి 141 టేపులు. వాటిలో 20 లక్షలకు పైగా ఉత్తరాలు!

ఆ టేపుల్లోని ఉత్తరాలను ఓపిగ్గా మళ్లీ కంప్యూటర్లలోకి ఎక్కించారు. 2001 డిసెంబరులో గూగుల్ తన 20 ఏళ్ల యూజ్‌నెట్ సంచయాన్ని జనం ముందు పెట్టినప్పుడు ఇవీ అందులో చేరాయి. రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేస్తానని, తోడు రమ్మని పిలుపునిచ్చిన 1983 సెప్టెంబరు 27 నాటి ప్రకటన ఆ కాలపు ఉత్తరమే. ఇవాళ్టి ఓపెన్ సోర్స్‌కు అక్కడే బీజం పడింది.

గుట్ట వేస్తే సరిపోదు

‘దాచడమేగా, ఒక మూల పడేస్తే సరి’ అంటారా? అబ్బే, కుదరదు. వెతికితే దొరకనిది ఉన్నా లేనట్టే. పాత ఉత్తరాలకు పనికొచ్చే ఆర్కైవ్ కట్టాలంటే పని ఇలా సాగుతుంది.

మొదటిది సేకరణ. ఉమ్మడి కంప్యూటరు పాడైతే సభ్యులే దిక్కు. ఎవరి పెట్టెలో వాళ్లు దాచుకున్న ఉత్తరాలు అడిగి తీసుకోవాలి. ఇవి సాధారణంగా ‘ఎంబాక్స్’ అనే రకం ఫైల్లో ఒకదాని వెనక ఒకటిగా ఉంటాయి. ఇందులో ఓ తమాషా ఉంది. ‘ఫ్రమ్’ అనే ఇంగ్లీషు మాటతో మొదలయ్యే వరుస కనిపిస్తే కంప్యూటరు అక్కడ కొత్త ఉత్తరం మొదలైందనుకుంటుంది. రాసినావిడ తన ఉత్తరం మధ్యలో ఓ వాక్యం అదే మాటతో మొదలుపెట్టిందా... ఇంకేముంది, ఒక ఉత్తరం రెండు ముక్కలు! అందుకే ఆ మాట ముందు చిన్న బాణం గుర్తు పెట్టే అలవాటు వచ్చింది.

రెండోది ఏరివేత. పదిమంది దగ్గర తీసుకుంటే ఒకే ఉత్తరం పదిసార్లు వస్తుంది. రిజిస్టరు పోస్టుకు నంబరు ఉన్నట్టే ప్రతి ఈ-మెయిల్‌కూ ‘మెసేజ్ ఐడీ’ అని ఓ గుర్తు ఉంటుంది. దాన్ని బట్టి ఒకటి ఉంచి మిగిలినవి తీసేయొచ్చు.

మూడోది అల్లిక. ఇది ఏ ఉత్తరానికి జవాబు అన్న సంగతి కూడా సాధారణంగా జవాబు ఈ-మెయిల్ తలకట్టులో రాసి ఉంటుంది. ఆ ఆధారం పట్టుకుని ప్రశ్న కింద జవాబు, జవాబు కింద ఎదురు జవాబు పేర్చుకుంటూ రావాలి. లేకపోతే ఒకళ్లు ‘అవును’ అన్నారని తెలుస్తుంది, దేనికన్నారో తెలియదు.

నాలుగోది లిపి. పాత ఉత్తరాల్లో కొన్ని ఇవాళ తెరిస్తే డబ్బాలు, ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. ఏ పద్ధతిలో టైపు చేశారో తెలుసుకుని సరిదిద్దాలి. అయితే మూలప్రతి మాత్రం ముట్టుకోకూడదు. సరిచేసేది నకలు మీదే.

అయిదోది, అన్నిటికన్నా ముఖ్యమైనది... మారని చిరునామా. ‘మెయిల్‌మన్’ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పాత ఆర్కైవ్ పద్ధతి పేరు ‘పైపర్‌మెయిల్’. అది ఉత్తరాలకు వరసగా 1, 2, 3 అని నంబర్లు వేస్తుంది. మధ్యలో ఒక ఉత్తరం తీసేసి మళ్లీ కడితే దాని వెనక ఉన్నవాటి నంబర్లన్నీ జరిగిపోతాయి. వీధిలో ఒక ఇల్లు పడగొట్టి మిగతా ఇళ్లకు కొత్త నంబర్లు వేసినట్టు! పాత చిరునామా పట్టుకుని వచ్చినవాళ్లు పక్కింటి తలుపు తడతారు.

అంతా ఒకరి భుజం మీదే మోపినా ప్రమాదమే. 2002లో మొదలైన ‘జీమేన్’ వేలకొద్దీ మెయిలింగ్ లిస్టుల ఉత్తరాలు దాచింది. దాన్ని నడిపింది ప్రధానంగా ఒకే మనిషి. 2016లో ఆయన ఇక మోయలేక వెబ్ భాగం ఆపేశాడు. ‘వివరాలకు ఫలానా ఉత్తరం చూడండి’ అని ఎందరో ఇచ్చిన లింకులు ఒక్కసారిగా ఎక్కడికీ తీసుకెళ్లనివైపోయాయి.

లైనక్స్ కెర్నెల్ వాళ్లు దీన్నుంచి బుద్ధి తెచ్చుకున్నారు. 2018లో ‘లోర్’ అనే సొంత ఆర్కైవ్ తెరిచారు. ‘పాత ఉత్తరాలు ఎవరి దగ్గరున్నా ఇవ్వండి’ అని సభ్యులను అడిగి ఖాళీలు పూరించారు. ఉత్తరం మెసేజ్ ఐడీనే దాని చిరునామాలో వాడారు. అందువల్ల ఈ ఆర్కైవ్ రేపు మూతపడినా అదే గుర్తుతో ఇంకోచోట వెతుక్కోవచ్చు. పైగా ఎవరైనా సరే మొత్తం ఆర్కైవ్‌ను తమ కంప్యూటరులోకి నకలు తీసుకోవచ్చు. ఒక ఇంట్లో దీపం ఆరినా పక్కింట్లో వెలుగుతూ ఉంటుందన్నమాట.

ఆడవాళ్ల పేర్లు ఎక్కడ?

ఇక మన సంగతికి వద్దాం. 2006లో ‘గ్నోమ్’ అనే ఓపెన్ సోర్స్ బృందం గూగుల్ వేసవి కార్యక్రమం కింద విద్యార్థుల నుంచి దరఖాస్తులు పిలిచింది. 181 వచ్చాయి. అందులో ఆడపిల్లలవి ఎన్నో తెలుసా? ఒక్కటీ లేదు! అది చూసి ఆ ఏడే ఆడపిల్లలకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టారు. ‘ఔట్‌రీచీ’ పేరుతో ఇవాళ నడుస్తున్న కార్యక్రమానికి అదే మూలం.

అంతకుముందే 1998లో ‘లైనక్స్‌చిక్స్’, 2004లో ‘డెబియన్ విమెన్’ బృందాలు పుట్టాయి. డెబియన్ విమెన్ ఉత్తరాలు బహిరంగంగా భద్రపరిచారు. ‘నాకిది రాదు, ఎవరైనా చెబుతారా?’ అని జంకు లేకుండా అడగడానికి, వచ్చినవాళ్లు విసుక్కోకుండా నేర్పడానికి పెట్టుకున్న చోటు అది. కొత్తవాళ్లకు నేర్పడం, ఎలా వాడాలో రాసిపెట్టడం, గొడవపడ్డవాళ్లను సముదాయించడం... ఈ చాకిరీ ప్రోగ్రాము జాబితాలోకి ఎక్కదు. వంటిల్లు కడగడం లాంటిది. చేసినప్పుడు కనబడదు, మానేస్తే తెలుస్తుంది. దానికి ఉన్న ఒకే రుజువు ఆ ఉత్తరాలు. అవి పోతే ఆ మనుషులు అక్కడ ఉన్నట్టే గుర్తుండదు.

అలాగని అన్నీ బజార్న పెట్టాలా? ఇక్కడే ఆలోచించాలి. 1987లో అనితా బోర్గ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ‘సిస్టర్స్’ అనే ఉత్తరాల బృందం మొదలుపెట్టారు. కంప్యూటర్ రంగంలో పనిచేసే ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునే చోటు. అక్కడ రాసింది రాసినవాళ్ల అనుమతి లేకుండా బయటికి పోకూడదన్నది కట్టడి. ఆ నమ్మకం ఉండబట్టే ఆఫీసులో ఎదురైన అవమానాలు, పిల్లలతో ఉద్యోగం నెగ్గుకురావడంలోని ఇబ్బందులు మనసు విప్పి రాసుకోగలిగారు. ఆ ఉత్తరాలు రేపు పొద్దున అందరికీ కనిపిస్తాయంటే ఎవరు రాస్తారు?

మన తెలుగులో ‘దాచు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. డబ్బు దాచుకున్నాం అంటే భద్రపరిచాం. నిజం దాచారు అంటే కనబడకుండా చేశారు. మంచి ఆర్కైవ్‌కు ఈ రెండు రకాల దాచడమూ తెలిసి ఉండాలి.

ఎప్పుడో ఇరవై ఏళ్లప్పుడు కాలేజీ పిల్ల అడిగిన అమాయకపు ప్రశ్న, ఇవాళ ఆమె పేరు కొట్టగానే పైకి తేలితే ఆమెకెలా ఉంటుంది? వేధించే మనిషికి దొరక్కూడదని ఊరు మారిన ఆవిడ ఫోను నంబరు పాత ఉత్తరం చివర కనిపిస్తే? అందుకే బాధ్యతగా నడిపేవాళ్లు ఈ-మెయిల్ చిరునామాలు, ఫోను నంబర్లు కనబడకుండా కప్పుతారు. పాత ఉత్తరాలు బయటపెట్టేముందు సభ్యులకు చెబుతారు. ‘నాది తీసేయండి’ అని అడగడానికి ఓ దారి ఉంచుతారు. తీసేసినచోట ఖాళీ వదిలేయకుండా ‘రాసినవారి కోరికపై తొలగించాం’ అని చీటీ పెడతారు. మిగతావాటి వరస చెడదు, చదివేవాళ్లకూ అయోమయం ఉండదు.

తెలుగువాళ్లకూ తగిలిన దెబ్బ

‘ఇదంతా దూరదేశాల గోల’ అనుకోకండి. ‘రచ్చబండ’ వంటి తెలుగు సాహిత్య చర్చలు ఒకప్పుడు యాహూ గ్రూపుల్లోనే నడిచాయి. కంప్యూటరులో తెలుగు రాయడం అందరికీ పట్టుబడని రోజుల్లో తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసి మరీ వాదించుకున్నారు. 2019 అక్టోబరులో యాహూ కబురు పెట్టింది... పాత ఉత్తరాలు తీసేస్తున్నాం, కావలసినవాళ్లు ఈలోగా దించుకోండి అని. మొదట డిసెంబరు 14 గడువన్నారు. దించుకోవడానికి 2020 జనవరి 31 దాకా ఆగారు. 2020 డిసెంబరు 15న గ్రూపులు పూర్తిగా మూతపడ్డాయి. ‘ఆర్కైవ్ టీమ్’ స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రింబవళ్లు కూర్చుని చేతనైనంత కాపాడారు. చేతికందనివి మాత్రం పోయాయి.

మన కంప్యూటర్లను తెలుగులోకి తేవడం వెనకా ఇలాంటి ఉత్తరాలే ఉన్నాయి. ‘ఫైల్’ను ఫైలు అనే అందామా, దస్త్రం అందామా? ‘సేవ్’ను ‘దాచు’ అంటే మాయం చేయడమనుకుంటారేమో, ‘భద్రపరచు’ అంటే పోలేదా? తెరమీద కనిపించే ఒక్కో మాట వెనకా ఇలాంటి తర్జనభర్జన ఉంటుంది. రేపు ఆ మాట మార్చాలన్నవాళ్లకు మొదట ఎందుకు పెట్టారో తెలియాలి కదా!

మీ బృందం ఉత్తరాలు దాచుకోవాలంటే...

* సైటు నడిపే కంపెనీని నమ్ముకుని ఊరుకోకండి. గూగుల్ గ్రూపు నిర్వాహకులైతే ‘టేకౌట్’ ద్వారా ఉత్తరాలన్నీ ఎంబాక్స్ ఫైలుగా దించుకోవచ్చు. వాట్సాప్ సంభాషణలకు ‘ఎక్స్‌పోర్ట్ చాట్’ ఉంది.

* కనీసం ముగ్గురి దగ్గర, మూడు వేర్వేరు చోట్ల నకళ్లు ఉంచండి. ఏడాదికోసారి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.

* ఫైలు పేరులో సంవత్సరం, నెల రాయండి. ‘కొత్తది’, ‘ఇదే ఆఖరిది’ అని పేర్లు పెడితే ఆర్నెల్లకు మీకే తెలియదు.

* మూలప్రతి దిద్దకండి. దిద్దుబాట్లన్నీ నకలులోనే.

* నలుగురికీ చూపించేముందు రాసినవాళ్లను అడగండి. ఆరోగ్యం, కాపురం, డబ్బు సంగతులున్న ఉత్తరాలు విడిగా పెట్టండి.

* సభ్యులెవరైనా పోయి ఉంటే వారి ఉత్తరాల విషయం ఇంట్లోవాళ్లతో ఒక మాట మాట్లాడండి.

* తాళంచెవి, అంటే పాస్‌వర్డ్, ఒక్కరి దగ్గరే ఉంచకండి.

ఈ పనికి కంప్యూటర్ చదువులే చదవక్కర్లేదు. పేర్లు, తేదీలు సరిచూడటం, ఏది ఎవరికి జవాబో పోల్చుకోవడం, ఏది నలుగురిలో పెట్టదగ్గదో కాదో గ్రహించడం... ఇవన్నీ ఓపిక, లోకజ్ఞానం ఉన్నవాళ్లు చేసే పనులు. సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాళ్లు పక్కన ఒకరిద్దరుంటే చాలు. మీ కాలేజీ పాత విద్యార్థినుల గ్రూపో, పుస్తకాల గ్రూపో ఉంటే మూతపడే కబురు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఒక నకలు దించి చూడండి.