కాళహస్తి కలము

స్వర్ణముఖీ నదీతీరమందలి శ్రీకాళహస్తి పట్టణము కలంకారీ వస్త్రములకు ప్రసిద్ధి కెక్కినది. మచిలీపట్టణమునకు సమీపమున నున్న పెడనలోను ఈ పేరిట వస్త్రములు తయారగుచున్నవి గాని, అచ్చట కొయ్య అచ్చులతో అద్దుదురు. కాళహస్తిలో కలముతో వ్రాయుదురు. గత క్రిస్మసు సెలవులలో మేమును పైతరగతి విద్యార్థులు కొందరును ఆ యూరికి పోయి, ఒక చిత్రకారుని యింట రెండు దినములు గడిపి చూచిన సంగతులను ఇచ్చట వివరింపబూనితిమి. మేము పోవునప్పటికి అతడు ఒక క్రైస్తవసంఘము వారు కోరిన వస్త్రమును ముగించుచుండెను. పెరటిలో దండెముమీద మఱియొక గుడ్డ ఆరుచుండెను. కావున పని యొక్క కొసయు మొదలును ఒక్కచోటనే చూడగలిగితిమి.

ముందుగా ఆరుచున్న గుడ్డ మాట. అది గంజి పోవునట్లు ఉదికిన ముతక నూలుగుడ్డ. దానిని కరక్కాయ పొడియు ఎనుముపాలును కలిపిన నీటిలో ముంచి, పిండి, ఎండబెట్టుదురు. పాలలోని వెన్న కలమునుండి దిగిన రంగును ప్రక్కకు ప్రాకనీయదు. కరక్కాయలోని వగరు మఱియొక పని చేయును. ఇనుప తుక్కును, బెల్లమును నీటితో కుండలో వేసి రెండు మూడు వారములు పులియనిత్తురు. ఆ ద్రవమును కసిం అందురు. అది కుండలో నున్నప్పుడు అంత నల్లగా నుండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లనగును. మన పెద్దలు కరక్కాయయు అన్నభేదియు కలిపి సిరా కాచుకొనిన సంగతి మీ తాతగారి నడిగిన చెప్పుదురు. ఇదియు ఆ రసాయనమే. ఈ నల్లగీత పడినచో మరల చెరుపుటకు వీలులేదు. అందుచేత మొదట చింతపుల్లల బొగ్గుతో రూపు గీచికొని, పిమ్మట వెదురుకలమును పట్టుదురు. కలము మొనకు పైగా చుట్టిన గుడ్డ రసమును పీల్చికొనియుండును. వ్రేళ్లతో దానిని నొక్కినకొలది గీత దిగును.

ఎఱ్ఱరంగు మాత్రము కలముతో వ్రాయబడదు. ఎఱుపు కావలసిన తావులందు పటికనీరు వ్రాసి, ఆరనిచ్చి, పారునీటిలో ఉదికి, వేళ్లును చెక్కలును వేసిన రంగునీటిలో గుడ్డనంతటిని ఉడుకబెట్టుదురు. పటిక రంగును నూలునకు బంధించును గనుక అది యున్నచోటనే ఎఱుపు నిలుచును. ఉదుకుట చాలకున్న మిగిలిన పటిక ప్రక్కలకు ప్రాకి, ఎఱుపును తనతో తీసికొనిపోవును. ఒక సంవత్సరము ఏటిలో నీరు చాలక అట్లే జరిగి, సీతమ్మవారి ముఖము మీదికి ఎఱుపు వచ్చినదట. మూడు నెలల కష్టము! కోరినవారు గుడ్డను తీసికొనలేదు. బయానా పైకమును తిరిగి చెల్లింపవలసి వచ్చెను. ఆ గుడ్డ యింకను అతని పెట్టెలో నున్నది. విప్పి చూపి, మాట యాడక మడిచి పెట్టెను.

సంఘమువారు కోరినది మంచికాపరి చిత్రము. ఎఱుపు, పసుపు ముగిసియుండగా ముఖము మిగిలియుండెను. ఈ విద్యలో రామకృష్ణులకు నీలము, స్త్రీలకు పసుపు, రాక్షసులకు ఎఱుపు వాడుట సంప్రదాయము. మరి ప్రభువునకు ఏ రంగు? సంఘమువారి యుత్తరములో ఆ మాట లేదు. "గొఱ్ఱెలను గూర్చి ఎవరిని అడుగలేదు అయ్యవారూ, మా వీధిలోనే యున్నవి. ముఖము దగ్గర నిలిచిపోతిని" అని అతడు చెప్పెను. తుదకు పలుచని పసుపు పూసి, ఎండలో తిరుగు గొల్లవాని ఛాయ తెచ్చెను. మా పిల్లలలో ఒకడు, పటములలో వలె తెల్లగా లేదేమని గొణిగెను. పాలస్తీనా దేశపు కాపరి తెల్లగా నుండెనని ఎవరు చెప్పిరో మాకు తెలియదు. ఆ ముఖము మాకు నచ్చినది. సంఘమువారికి నచ్చునో లేదో యని మాత్రము అతనికి దిగులుండెను, ఏలయన మిగిలిన పైకము వారి యిష్టముమీద నున్నది.

ఈ చేతిపనికి గిరాకి కొత్తది కాదు. మన తీరపు రంగుగుడ్డలు ఐరోపాలో ఎంతగా చెల్లెననగా, ఫ్రాన్సు దేశము తన నేతగాండ్ర మేలుకొఱకు 1686లో వానిని నిషేధించి, 1759 వఱకు ఆ నిషేధమును సడలింపలేదు. కాలక్రమమున కాళహస్తిలో ఈ విద్య క్షీణింపగా, కమలాదేవీ చటోపాధ్యాయగారి పూనికతో 1957లో అచ్చట శిక్షణకేంద్రము వెలసినది. నేడు యంత్రముతో అచ్చొత్తిన గుడ్డలను సయితము కలంకారీ యని చౌకగా అమ్ముచున్నారు. చేతితో వ్రాయువానికి అది పెద్ద దెబ్బ.

రెండవనాటి ఉదయమున కాపరి వస్త్రము ఏటిలో తుది ఉదుకు ముగించుకొని యిసుకమీద ఆరెను. అందరును పొంగిపోతిమి. అతడు దానిని ఒకమారు చూచి, మడిచి కుమారుని చేతికిచ్చి, యింటికి వచ్చి క్రొత్తగుడ్డను పలకమీద పరచుకొనెను. ఇది ఎవరు కోరినదని మా విద్యార్థి యడిగెను.

"ఎవరును కోరలేదు నాయనా. మా అమ్మ బావిలో నీళ్లు తోడుచుండెడిది. అది వ్రాయవలెనని యెప్పటినుండియో యున్నది. అమ్ముడు పోవునో పోదో."

మధ్యాహ్నపు రైలునకు మేము బయలుదేరువేళకు గుడ్డమీద బొగ్గుగీతలతో బావిగట్టు, చేదత్రాడు మాత్రము ఏర్పడియుండెను. త్రాటిని పట్టిన చేతులను అతడు రెండుమారులు దులిపివేసి, మరల గీయుచుండెను.