మధుమేహము - పాదరక్షణము

కష్టజీవి కాలు పోయినచో కుటుంబము కూడు పోయినట్లే. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఉభాలకు దిగు స్త్రీలును, చెరువున నానిన గోగుకట్టల నుండి నార తీయు రైతులును, ఉద్దానపు జీడితోటల పనివారును పెక్కురు వట్టికాళ్లతోనే పాటుపడుదురు. అట్టివారికి మధుమేహము సంక్రమించినచో చిన్న ముల్లే పెనుశత్రువగును.

ఇది ధనికుల వ్యాధి యను భ్రమ ఇక చెల్లదు. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ననుసరించి దేశమున మధుమేహులు 10 కోట్లకు మించియున్నారు. మధుమేహుల దేహపు క్రిందిభాగమున పుండ్లు పుట్టునని సుశ్రుతసంహిత యేనాడో గుర్తించినది. రక్తమున చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో పాదముల నాడులు మొద్దుబారును, రక్తనాళములు ఇరుకగును. నొప్పి యెరుగని పాదము కావలిలేని కోట వంటిది. నెత్తురు చాలనిచోట గాయము మానదు, సూక్ష్మజీవులు చేరును, కండ నల్లబడి కుళ్లును. దీనినే వైద్యులు గాంగ్రీన్ అందురు. అంతట ప్రాణము దక్కించుటకు వ్రేలో, పాదమో, కాలో తీసివేయవలసివచ్చును. ఇట్లు తీసివేయబడిన కాళ్లలో అత్యధికము మొదట చిన్న పుండుతోనే చెడినవి. ప్రజలు వైద్యుని కత్తికి వెరతురు. వెరవవలసినది ఆ పుండునకు.

నొప్పి తెలియని పాదమును కాపాడు విద్య మన పొరుగుననే వర్ధిల్లినది. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు, కుష్ఠురోగుల పాదములు చెడుటకు స్పర్శలేమి వలన తగులు గాయములే ముఖ్యకారణమని గ్రహించెను. మెత్తని రబ్బరు అడుగుగల చెప్పులను ప్రచారము చేసెను. తరువాత అమెరికాలో ఆ పాఠమునే మధుమేహులకు వర్తింపజేసెను. సాలూరు కుష్ఠు వైద్యశాల నెరిగిన మన ప్రాంతమునకు ఈ పాఠము క్రొత్త కారాదు.

చేయవలసినది స్వల్పము. ప్రతిరాత్రి అరికాళ్లను, వ్రేళ్లసందులను చూచుకొనవలెను. చూపు చాలనివారికి ఇంటివారు చూడవలెను. కడిగి తడి యొత్తవలెను. చెప్పులు తొడుగకముందు లోపల తడవి చూడవలెను. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు. మొద్దుబారిన కాలికి కాపడము పెట్టరాదు. అడ్డచుట్టయైనను బీడీయైనను పొగ రక్తనాళములకు చేటు. వేసవిలో అరసవల్లి, శ్రీకూర్మముల దర్శనమునకు రాళ్లు చల్లబడిన వేళ పోవుట భక్తికి లోపము కాదు. పుండు కనబడినచో ఆకుపసరు కట్టి వారము వేచియుండక వెంటనే వైద్యుని జేరవలెను.

ప్రభుత్వమునకును విధి కలదు. ప్రతి ఆరోగ్యకేంద్రమునను మధుమేహులచే చెప్పులు విడిపించి పాదములు చూచుట నియమము కావలెను. 10 గ్రాముల ఒత్తిడి నిచ్చు నైలాను పోగుతో స్పర్శను పరీక్షింపవచ్చును; ఇందుకు గొప్ప యంత్రము లక్కరలేదు. మెత్తని చెప్పులు కూలివాని కందు ధరకు లభింపవలెను. శ్రీకాకుళము, విజయనగరములలో నేడు ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసియున్నవి. అవి కాలు తీయు నేర్పుకంటె కాలు నిలుపు నేర్పున కీర్తి గడించుగాక!