మారుతున్న మోటారు వాహనం

ఒక తరానికి నిత్యావసరమైన సాధనం మరొక తరానికి వింత వస్తువుగా మారడం మానవ చరిత్రలో కొత్త కాదు. మన ఇండ్లలో తిరగలి, రోలు మూలపడ్డాయి. తరతరాలకు శుభాశుభ వార్తలు మోసిన టెలిగ్రాం సేవ 2013లో మన దేశంలో ముగిసింది. మోటారు కారు కూడా ఈ నియమానికి అతీతం కాదు. దానిలోని భాగాలు, దానిని నడిపేవారి అలవాట్లు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. వాటిలో ఏవి పోయినా నష్టం లేదు? ఏవి పోకుండా కాపాడుకోవాలి? ఇది ఆలోచించవలసిన విషయం.

జర్మనీ దేశస్థుడైన కార్ల్ బెంజ్ పెట్రోలుతో నడిచే మూడు చక్రాల వాహనానికి 1886లో పేటెంటు పొందాడు. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులతో అటువంటి వాహనంలో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ వరకు సుమారు వంద కిలోమీటర్లు ప్రయాణించింది. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోగా టోపీకి పెట్టుకునే సూదితో ఆమె దానిని శుభ్రం చేసింది. ఇంధనాన్ని మందుల దుకాణంలో కొన్నది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవానిచేత తోలు వేయించింది. ఆనాడు వాహనం నడపడమంటే దానిని బాగుచేసుకోవడం కూడా. నేడు బానెట్టు ఎత్తి చూసేవారే అరుదు.

తొలినాటి కార్లను నడపాలంటే ముందుగా ఇనుప హ్యాండిల్‌ను బలంగా తిప్పవలసి వచ్చేది. ఒక్కొక్కసారి అది వెనుకకు తన్ని చేయి విరిగేది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చిన తరువాత ఆ బాధ క్రమంగా తీరింది. దేహబలం లేనివారు కూడా కారు నడపగలిగారు. ఆ హ్యాండిల్ పోయిందని విచారించినవారు లేరు. చలికాలపు ఉదయాలలో లాగే చోక్ మీట, అద్దాలు దించే చేతిపిడి, కిటికీలోనుండి చేయి చాపి చూపే సంకేతాలు కూడా ఇదే దారి పట్టాయి. 2014 వరకు తయారైన అంబాసిడర్ కారును నడిపిన పెద్దలను అడిగితే ఇటువంటి ముచ్చట్లు ఎన్నో చెబుతారు.

ఇప్పుడు క్లచ్, గేర్ల వంతు వచ్చింది. పెట్రోలు ఇంజను ఒక పరిమితమైన వేగంలో తిరిగినప్పుడే తగిన శక్తినిస్తుంది. కనుక గేర్లు మార్చడం అవసరమైంది. విద్యుత్ మోటారు నిలిచి ఉన్న స్థితినుండే పూర్తి బలంతో లాగగలదు. అందుచేత విద్యుత్ కారులో సాధారణంగా క్లచ్ ఉండదు, మార్చవలసిన గేర్లు ఉండవు. అవి వ్యాపించినకొద్దీ ఎత్తుపై బండి వెనుకకు జారకుండా సగం క్లచ్‌పై నిలిపే నేర్పు మరుగున పడుతుంది.

అయితే అలవాటు వెనుక ఉన్న కారణాన్ని మరువరాదు. ఘాట్ రోడ్డులో ఏ గేరులో ఎక్కుతామో అదే గేరులో దిగాలని అనుభవజ్ఞులైన డ్రైవర్లు చెబుతారు. అప్పుడు ఇంజనే బండి వేగాన్ని అదుపు చేస్తుంది. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకులపై పడుతుంది. అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. విద్యుత్ కారులో ఈ పనిని మోటారే నిర్వహించి, దిగేటప్పటి శక్తిని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. కాని గేర్లున్న వాహనాలు మన రోడ్లపై ఇంకా కోకొల్లలు. కనుక కారణం తెలియకుండా అలవాటును వదలడం ప్రాణాపాయం.

కొత్తదంతా మేలైనదని కూడా భావించరాదు. బొత్తాములను తొలగించి అన్నింటినీ తాకుతెరపై అమర్చడం వలన డ్రైవరు దృష్టి రోడ్డు నుండి మరలుతున్నది. అందుకే ఐరోపాలో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుండి హారన్, వైపర్లు, మలుపు సంకేతాలు వంటి వాటికి విడి మీటలు లేదా బొత్తాములు ఉండాలని, లేనిచో మార్కులు తగ్గుతాయని నిర్ణయించింది. విద్యుత్ కారు నిశ్శబ్దం పాదచారులకు ముప్పు కాగలదని గుర్తించిన ఐరోపా సమాఖ్య, 2019 నుండి కొత్త నమూనాలలో నెమ్మదిగా వెళ్ళేటప్పుడు కృత్రిమ ధ్వని ఉండాలని నిబంధన విధించింది. పోయిన శబ్దాన్ని మళ్ళీ తెచ్చుకోవలసి వచ్చిందన్నమాట.

ఉపగ్రహాల సాయంతో దారి చూపే యంత్రాలు వచ్చాక కూడలిలో ఆగి దారి అడిగే అలవాటు తగ్గింది. అమెరికాలోని ఫీనిక్స్ మహానగర ప్రాంతంలో 2020 నుండి డ్రైవరు లేని టాక్సీలలో సామాన్య ప్రజలు ప్రయాణిస్తున్నారు. ఇవి విస్తరిస్తే స్టీరింగునే నమ్ముకున్న కుటుంబాల గతి ఏమిటన్నది సమాజం ముందున్న ప్రశ్న. దానికి సమాధానం యంత్రం చెప్పదు, మనమే చెప్పాలి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,000 మందికి పైగా మరణించారు. ఈ సంఖ్యను తగ్గించే ప్రతి మార్పునూ స్వాగతించవలసిందే. అయితే సగం పని యంత్రానికి అప్పగించిన డ్రైవరు ఏమరుపాటు చెందితే, ఆపద క్షణంలో తేరుకోలేడు. తాళంచెవి పోవచ్చు, గేరు పోవచ్చు, రేపు స్టీరింగు కూడా పోవచ్చు. ఎదుటివాని ప్రాణం తన చేతిలో ఉన్నదన్న ఎరుక మాత్రం పోకూడదు. యంత్రం ఎంత మారినా మనిషి వదలరాని అలవాటు అదే.