మంచు మీద ఒక సాయంత్రం

మా పాలకొండ ప్రాంతంలో మంచు అంటే డిసెంబరు నెల తెల్లవారుజామున చేలమీద పరుచుకునే పొగమంచే. ఐసు అంటే సైకిలు మీద పెట్టెలో వచ్చే పుల్లఐసు. అటువంటి చోట పుట్టి, ముప్పై యేళ్ళకు పైగా బడిపిల్లలకు లెక్కలు చెప్పిన నాకు, గడ్డకట్టిన మంచుమీద ఆడే స్కేటింగు అంటే ఇంత పిచ్చి ఎలా పట్టిందని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

1998లో జపానులోని నగానోలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు, పొరుగింటి టీవీలో మిషెల్ క్వాన్ అనే అమెరికా అమ్మాయిని మొదటిసారి చూశాను. బంగారు పతకం ఆమెకు రాలేదు. పదిహేనేళ్ళ తారా లిపిన్‌స్కీ దానిని గెలుచుకుంది. గెలిచిన పిల్లకంటే వెండి పతకంతో నిలబడిన పిల్లే నా మనసులో ఉండిపోయింది. అప్పటినుండి టీవీలో స్కేటింగు వస్తోందంటే పొయ్యిమీద పప్పు మాడినా లేచేదాన్ని కాదు.

సుమారు పదిహేనేళ్ళ క్రిందట మా అమ్మాయి కాన్పుకు సాయంగా బోస్టను వెళ్ళాను. ఒకరోజు అల్లుడు రెండు టికెట్లు తెచ్చి, "అత్తయ్యగారూ, ఇది మీకోసమే" అన్నాడు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఏటా జరిగే 'యాన్ ఈవెనింగ్ విత్ ఛాంపియన్స్' అనే స్కేటింగు ప్రదర్శన అది. 1970లో జాన్ మీషా పెట్కెవిచ్ అనే విద్యార్థి దీనిని మొదలుపెట్టాడు. అతడు స్వయంగా ఒలింపిక్ స్కేటరు. ఎలియట్ హౌస్ అనే వసతిగృహం విద్యార్థులే పనులన్నీ చూసుకునేవారు. ఆడేవాళ్ళు పారితోషికం తీసుకునేవారు కాదు. వచ్చిన డబ్బు క్యాన్సరు రోగుల కోసం పనిచేసే 'జిమ్మీ ఫండ్'కు వెళ్ళేది. మన ఊళ్ళలో బడి పైకప్పు కోసం కుర్రవాళ్ళు సహాయార్థ నాటకం వేసినట్టే అనుకోండి.

లోపల అడుగుపెడితే చలి. స్వెట్టరు మీద శాలువా కప్పుకున్నా కాళ్ళు బిగుసుకుపోయాయి. అంత పెద్ద మైదానంలో మంచు పొర మందం రెండు మూడు అంగుళాలైనా ఉండదని అల్లుడు చెబితే నమ్మలేకపోయాను. దాని క్రింద గొట్టాలలో అతి చల్లని ఉప్పునీటి వంటి ద్రవం తిరుగుతూ ఉంటుందట. విరామంలో ఒక బండి వచ్చి గీతలు పడిన పైపొరను చెక్కి, వేడినీళ్ళు పరచి వెళ్ళింది. వేడినీళ్ళతో మంచును అలకడం! ఆ తడి చూస్తుండగానే గడ్డకట్టి అద్దంలా అయింది.

పోటీకీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ మార్కులు వేసేవారు లేరు. దీపాలన్నీ ఆర్పి, ఒక్క వెలుగు మాత్రం ఆడే మనిషి వెంట తిప్పారు. టీవీలో వినబడనిది అక్కడ నాకు వినబడింది. బూటు అడుగున ఉన్న ఉక్కు రేకు మంచును కోసే చప్పుడు, కొడవలితో వరి కోస్తున్నట్టు సర్రున వచ్చింది. ఆ రేకు మధ్యలో సన్నని గాడి ఉంటుంది. అందువలన దానికి లోపలి అంచు, బయటి అంచు అని రెండు ఏర్పడతాయి. మనిషి ఏ అంచుమీద వాలితే ఆ వైపు వంపు తిరుగుతుంది. లెక్కల టీచరును కదా, ఆ వలయాలు చూస్తూ కూర్చున్నాను.

ఒక చిన్నపిల్ల ఎగిరి, దిగడంలో తప్పి, దబ్బున పడింది. లేచి పాటను అందుకుంది. జనం ముందుకంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం చేతులు ఆడలేదు.

నాకొక తమ్ముడుండేవాడు. వానాకాలంలో చెరువుగట్టు మీద బురదలో జారుడాట ఆడేవాడు. పడితే లేచి, "అప్పా, చూశావా!" అని అరిచేవాడు. ఏడో యేట వాడికి జ్వరం విడవలేదు. ముఖం పాలిపోయింది, దెబ్బ తగలకుండానే ఒళ్ళంతా నల్లమచ్చలు. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్తే రక్తంలో క్యాన్సరు అన్నారు. ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అది 1968. నాగావళి పొంగి ఉన్న రోజులలో వాడు ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాడు.

జిమ్మీ ఎవరని ఆ రాత్రి అల్లుణ్ణి అడిగాను. ఆ కుర్రవాడి అసలు పేరు ఐనార్ గుస్టాఫ్‌సన్. మెయిన్ రాష్ట్రపు రైతుబిడ్డ. 1948లో పన్నెండేళ్ళ వయసులో క్యాన్సరుతో బోస్టను ఆసుపత్రిలో ఉండగా, పేరు దాచి 'జిమ్మీ' అని చెప్పి, అతని మాటలు రేడియోలో వినిపించారు. తనకు ఇష్టమైన బేస్‌బాల్ ఆటగాళ్ళు మంచం చుట్టూ చేరారు. ఆట చూసుకోవడానికి వాడికొక టీవీ కావాలి. విన్నవారు రెండు లక్షల డాలర్లకు పైగా పంపారు. ఆ పిల్లవాడు బ్రతికాడు, లారీ నడిపాడు, 1998లో 'నేనే జిమ్మీని' అని బయటికి వచ్చాడు. 2001లో అరవై అయిదేళ్ళ వయసులో చనిపోయాడు.

అక్కడి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో, రక్త క్యాన్సరు ఉన్న పదహారుమంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే పదిమందికి కొంతకాలం నెమ్మదించిందని ప్రకటించాడు. ఆ మందు అతనికి ఎక్కడినుండి అందిందో తెలుసా? లెడర్లీ కంపెనీలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపించిన పరిశోధక బృందం నుండి! ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఆ బాధ మోసుకునే ఆయన అమెరికా వెళ్ళారు, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి చదువుకున్నారు. మన ఊళ్ళలో బోదకాలు రాకుండా ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్రలు కూడా ఆ బృందం పనివలన వచ్చినవే. 1948 ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు.

మా తమ్ముడు పోయింది ఆ తరువాత ఇరవై యేళ్ళకు. బోస్టనులో ఉన్న మందు పాలకొండ దాకా రాలేదు. ఈ మాట నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు విశాఖ ప్రక్కన అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఉంది. ఈ జబ్బు వచ్చిన పిల్లలలో ఎక్కువమంది, సమయానికి వైద్యం అందితే బ్రతుకుతున్నారు. మీ ఇంట్లో పిల్లవాడికి తగ్గని జ్వరం, పాలిపోయిన ముఖం, కారణం లేని నల్లమచ్చలు కనబడితే నాటుమందులతో వారాలు గడపకండి. రక్తపరీక్ష చేయించండి.

తిరిగి వచ్చాక మా స్త్రీల కూడికలో ఈ సంగతంతా చెప్పాను. అది పిడికెడు బియ్యం ప్రోగుచేసే వారం. ఒక ముసలమ్మ తన సంచి కొలతలో పోస్తూ, "గాజులాంటి మంచుమీద అలా పరుగెడితే కాళ్ళు జారిపోవా, అమ్మా?" అని అడిగింది.

"జారుతాయి, పిన్నీ," అన్నాను. "ఒక పిల్ల పడింది కూడా."

"మరి లేచిందా?"

"లేచింది."

"ఆఁ, అలాగైతే సరే," అని సంచి దులిపి, చివరి గింజలు కూడా అందులోనే రాల్చింది.