ఇరవై కేబీల గుమ్మం

బ్యాంకు కోచింగులకు పేరుపడ్డ నంద్యాలలో (2022 దాకా కర్నూలు జిల్లాలోనిదే) దరఖాస్తుల గడువు ముంచుకొస్తే నెట్ సెంటర్లలో వినబడే మాట ఒకటే: 'సైజు ఎక్కువైందన్నా, ఎక్కడం లేదు.' కర్నూలు రాజ్‌విహార్ సెంటర్‌లోనైనా, కడప ఏడు రోడ్ల దగ్గరైనా అదే పాట. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నడిపే ఐబీపీఎస్ లెక్కలో సంతకం 10 నుంచి 20 కేబీ, ఫోటో 20 నుంచి 50 కేబీ ఉండాలి. ఇప్పటి ఫోన్లు తీసే ఫోటో రెండు మూడు వేల కేబీలు! వింతేమిటంటే, సంతకాన్ని తగ్గించి తగ్గించి 9 కేబీకి దించితే నిబంధన ప్రకారం అదీ చెల్లదు. పైగా ఎడమ బొటనవేలి ముద్ర కూడా ఎక్కించాలి. చదువురానివాళ్లను వేలిముద్రగాళ్లని వెక్కిరించిన ఊళ్లలోనే డిగ్రీ పట్టాలున్నవాళ్లు వేలికి ఇంకు పూసుకుంటున్నారు.

రెండో కొసన యూట్యూబ్ ఉంది. ఒక్క వీడియో 256 జీబీ లేదా 12 గంటలు, ఏది తక్కువైతే అంతవరకు. మన సంతకానికి అది కోటి రెట్ల పైమాటే.

ఫైలు ఎక్కకపోతే నింద మాత్రం బ్రౌజర్ మీద పడుతుంది. పాపం, దాని పని ఫారంలో నింపిన వివరాలనూ ఫైలునూ మధ్యలో గుర్తుగీతలు పెట్టి ఒకే మూటగా సర్వర్‌కు పంపడమే. ఈ పద్ధతిని 1995 నవంబరులో జిరాక్స్ ఉద్యోగులు మాసింటర్, నెబెల్ రాసిపెట్టారు. ముప్పయ్యేళ్లు దాటినా ఫారాలు ఇంకా ఆ దారినే నడుస్తున్నాయి. హద్దు గీసేది సర్వరే. ఎవరూ మార్చకపోతే సర్వర్లలో వాడే పీహెచ్‌పీ 2 ఎంబీ దగ్గర, ఎంజిన్‌ఎక్స్ 1 ఎంబీ దగ్గర ఆపేస్తాయి. ఎంజిన్‌ఎక్స్ అయితే 413 అనే ఎర్రర్ అంకె చూపిస్తుంది. చాలా సైట్లలో ఆ హద్దు ఎవరో ఆలోచించి పెట్టింది కాదు, పట్టించుకోక మిగిలిపోయిందేనని నా అనుమానం.

బ్రౌజర్ నిర్భయంగా ఆడే అబద్ధం ఒకటుంది. ఫైలు ఏ ఫోల్డర్‌లోదని పేజీలోని ప్రోగ్రాం అడిగితే 'సీ డ్రైవ్, ఫేక్‌పాత్' అని చెబుతుంది. సీ డ్రైవే లేని ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అదే జవాబు! మీ ఫోల్డర్ల పేర్లు సైటుకు తెలియకూడదని ఒక కారణం. పూర్తి దారి కనబడకపోతే తికమకపడే పాత సైట్ల కోసం మరొకటి. మీరు ఎంచుకోకుండా మీ ఫైలును పేజీ తనంతట తాను లాక్కోలేదు కూడా.

మామూలు ఫారంలో 95 శాతం ఎక్కాక నెట్ పోతే మళ్లీ సున్నా నుంచే. గూగుల్ డ్రైవ్ వంటివి పెద్ద ఫైలును ముక్కలు చేసి, ఆగినచోటి నుంచి మిగతావే అడుగుతాయి.