మీకు తెలుసా? దొడ్డి, బందెలదొడ్డి, పౌండ్

తెలుగు పల్లెల్లో, చుట్టూ కంపో తడకో నాటి గొడ్లనూ గొర్రెలనూ తోలే జాగాకు దొడ్డి అని పేరు. పరాయి చేలో పడి మేసిన పశువును యజమాని బందె, అనగా జరిమానా, మేత ఖర్చుతో సహా కట్టేదాకా నిలిపి ఉంచే ఊరుమ్మడి దొడ్డి బందెలదొడ్డి.

దీనికి దీటైన ఇంగ్లీషు మాట ‘పౌండ్’. తూకానికీ బ్రిటిష్ డబ్బుకూ వాడే పౌండ్ లాటిన్‌లో బరువును తెలిపే ‘పోండో’ నుంచి రాగా, పశువుల పౌండ్ ఆవరణ అనే అర్థమున్న పాత ఇంగ్లీషు ‘పుండ్’ నుంచి పుట్టింది కనుక, రెండింటికీ చెవికి తోచే పోలికే తప్ప చుట్టరికం లేదు. కట్ట కట్టి నీటిని నిలిపిన కుంటను చెప్పే ‘పాండ్’ మాత్రం, వింతగా తోచినా, పశువుల పౌండ్‌కు తోబుట్టువు. బ్రిటిష్ ఇండియాలో ఈ పౌండ్లకు 1871 నాటి కాటిల్ ట్రెస్‌పాస్ చట్టం నియమాలు పెట్టింది.

తెలుగులో దొడ్డి పశువుల దగ్గరే ఆగక, ఇంటి వెనుక పెరడుకు పేరై, అక్కడి తలుపును దొడ్డిగుమ్మంగా, అడ్డదోవను దొడ్డిదారిగా మార్చింది. 1946 జులై 4న కడవెండిలో తూటాకు నేలకొరిగిన తెలంగాణ రైతాంగ పోరాట యోధుడు దొడ్డి కొమరయ్య ఇంటిపేరులోనూ వినిపించేది ఈ మాటే.